లైసెన్సున్నా లోపలికి కాదు

హలో… ఆ, నేనే, రమీజ్‌ని. చెప్పు షాహుల్ బావా.

… తప్పా? యూనివర్సిటీ గేటు కాడ మా పనేంది బావా? కార్డు చూడాల. డిక్కీ తెరిపించాల. తుపాకీ, కత్తి ఏదున్నా బండిని బయటే ఆపాల. అదే కదా చేసింది?

— లైసెన్సుందిలే, నేనూ చూసినా. ఆ పెద్దమనిషి షూటింగ్ క్లబ్బు నుంచి నేరుగా కొడుకు గ్రాడ్యుయేషన్‌కు వచ్చినాడంట. డిక్కీలో తుపాకీకి దుప్పటి కప్పి పెట్టినాడు, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

… నవ్వకు బావా. యూనివర్సిటీ రూలు అది. విద్యార్థి గానీ, ప్రొఫెసర్ గానీ, చుట్టం గానీ… లైసెన్సున్నా లోపలికి కాదు. గేటు మీద ఇంగ్లీషులో, అరబ్బీలో రాసి పెట్టినారు. పెద్దోళ్ళకు మినహాయింపని యాడా రాయలా.

… అవును, ఇంట్లో పెట్టి రమ్మన్నాం. తిరిగొచ్చేసరికి కొడుకు పట్టా తీసుకొని స్టేజీ దిగేసినాడు. అదీ ఆయన కోపం.

… ముదీర్ నీకూ ఫోన్ చేసినాడా! మేనేజరు గదా, సెక్యూరిటీ కంపెనీకి ఈ గేటు కాంట్రాక్టు పోతాదని ఆయన భయం. నన్నేం రాసియ్యమన్నాడో అదీ చెప్పినాడా?

… ఆ, అదే. "డిక్కీ తెరిచింది నా జోడీ గార్డు దేవదానం, అతిథిని తిట్టింది దేవదానం" అని సంతకం పెట్టాలంట. పెడితే నా ఉద్యోగం పదిలం. ఆయప్ప వీసా ఖలాస్.

— తిట్టలేదు బావా! నోరు తెరిస్తే గదా? డ్రైవరు హారన్ కొట్టి బండి ముందుకు దూకిస్తే, బంపరు మోకాళ్ళకు తగిలినా జరగలా. అదే ఆయప్ప చేసిన నేరం.

… దేవదానం ఎట్లయినా పోయేవాడేనా? బాగుంది. మన ఇంట్లో డిగ్రీ చదివినోడు రమీజొక్కడే అని ఊరంతా చెప్పుకుంటావే… ఆ చదువు ఇట్లాంటి అబద్ధాన్ని తప్పుల్లేకుండా రాసేదానికా?

… తెలుసు. దుబాయ్‌కి తెచ్చింది నువ్వే. నీ ఉప్పు తిన్నా, మరిచేది లేదు. సంతకం మాత్రం పెట్టను.

… అక్కకిస్తావా? ఇయ్యి. ఆమెకూ ఇదే చెప్తా.

… ఉండు, ముదీర్ లోపలికి పిలుస్తాండాడు. … చెప్పేదేముంది? తెరిచింది నేను, ఆపింది మేమిద్దరం. మొహం మీదే చెప్తా.

… పంపిస్తే పంపించనీ. బావా, ఒక్క మాట. రేపు ఊర్లో "రమీజ్ మొనగాడురా" అంటారు. తిట్టుకుంటానే నువ్వూ అంటావు. అప్పుడు నా పేరు ఎత్తొద్దు. బండికి అడ్డం నిలబడింది దేవదానం. ఆ పేరు గుర్తుపెట్టుకో… పెట్టేస్తాండా.