కత్తెర వేసిన గొలుసులు

ఇంటి వెనక షెడ్డు. కారుకు ట్రైలర్ తగిలిస్తూ బావ, బావమరిది. ట్రైలర్ మీద అక్క కుట్టుమిషన్లు.

“...ఇన్నేళ్లయినా ఆ అనుమానం నన్ను వదల్లేదురా. ఆ రోజు ట్రైలర్ నుంచి కారుకి గొలుసులు నేను తిన్నగానే వేశాను. దిగుడులో ట్రైలర్ ఊడాక చూస్తే ఒకదాని మీదొకటి అడ్డంగా, కత్తెర పడి ఉన్నాయి. దాని మూతి నేలకు కొట్టుకోకుండా వాటి మీద ఊయల్లో పడుకున్నట్టుంది. కార్లో మీ అక్క, చంటిపిల్ల.”

“దేవుడు కాపాడాడు అన్నావుగా.”

“అన్నాను. ఇప్పటికీ రోజూ దణ్ణం పెడతాను. కానీ ఇంత లోకాన్ని చూసుకునేవాడు కారు కింద దూరి గొలుసులు మారుస్తాడా అని...”

“బావా, అక్క మళ్లీ ఫోన్ చేసింది. మిషన్లు చేరందే కొట్టు తెరవలేదు. పోదాం పద.”

“ముందు ట్రైలర్ జాకీ లేపు.”

“ఇందాక లేపాను.”

“మళ్లీ లేపు. మూతితో పాటు కారు వెనకభాగం కూడా లేవాలి... చూశావా? కారు కదల్లేదు. కారు గుండు మీద ట్రైలర్ గడియ పడలేదు.”

“టక్కుమని చప్పుడైందే.”

“చప్పుడు నమ్ముకునేవాడికి స్టీరింగ్ ఇవ్వమంటావు. లోపలంతా తుప్పు. గ్రీజు పెట్టమన్నానా లేదా?”

“పెట్టాను. గుండుకి.”

“గుండుకి పెట్టి గడియని వదిలేశావు. తల దువ్వుకుని మొహం కడుక్కోనట్టు. వైరు బ్రష్షేది?”

“నీ కాలి కింద.”

“అక్కడెందుకు పెట్టావు?”

“నేను పెట్టలేదు, నువ్వే తొక్కావు. అదిగో, మళ్లీ ఫోన్.”

“వస్తున్నామని చెప్పు.”

“పొద్దుట్నించీ అదే చెబుతున్నాను. నువ్వే చెప్పు.”

“గ్రీజు చేతులు. ఊఁ, ఇప్పుడు లేపు.”

“లేస్తోంది... కారూ లేచింది.”

“పిన్ను పెట్టు. క్లిప్పు. ఆ, గొలుసులు ముట్టుకోకు, అవి నేను వేస్తా.”

“ఎందుకు ముట్టుకోకూడదు?”

“ఎందుకంటే నీకు జాగ్రత్త లేదు. నీకు చేతనైంది పక్క సీట్లో మూటలా కూర్చోవడం.”

“ఆ రోజూ ఇదే మాట. ముట్టుకోకు, ముట్టుకోకు. నువ్వు మంచినీళ్లకని లోపలికెళ్లావు చూడు, అప్పుడు ముట్టుకున్నాను. విప్పి కత్తెర వేశాను. చాలా?”

“...నువ్వా?”

“నేనే.”

“మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“చెబుదామనే వచ్చాను మర్నాడు. నువ్వు దేవుడి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నావు. మధ్యలో నేనెలా దూరను బావా?”

“అది చూసి వెనక్కెళ్లిపోయావా?”

“సర్లే, గొలుసులు నువ్వే వెయ్యి. అక్క తిడుతుంది.”

“నువ్వే వెయ్యి. కత్తెర వెయ్యి.”

“కోపమొచ్చిందా?”

“ఆయన నీ చేత చేయించాడన్నమాట. దణ్ణాలన్నీ ఆయనకే పెట్టి నీ వాటా బాకీ పడ్డాను. ఇదిగో, తాళాలు అందుకో. ఇవాళ పక్క సీట్లో మూటని నేను.”