స్లాబు కింద పెండ్లి

"అవ్వా, ఏ ప్రాజెక్టుకైనా షెడ్యూలు ఉండాల, రిసోర్సులు ఉండాల, స్టేక్‌హోల్డర్లను సమాళించుకోవాల. ఈ మూడే రేపు నా పరీక్షలో అడిగేది. నీకేమన్నా అర్థమైతాందా?"

అయితాందిలే అమ్మీ. ఆ పుస్తకం అట్ల పెట్టి ఈడ కూర్చో, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటా చెప్తా. పేర్లు కొత్తవి గానీ తిప్పలు పాతవే. స్టేక్‌హోల్డరు అంటే ఏందన్యావ్? ఆ పనితో లాభమో నష్టమో ఉండేటోడా? మా ఊర్లో అయితే వేలు పెట్టేటోడు అంటారు.

మా ఊర్లో గుడి కట్టినారు సూడు, అదీ ప్రాజెక్టు అంటే. మా ఊరు నువ్వు సూడలేదు గదా. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే దావలో బస్సు దిగి లోపలికి నడవాల. టికెట్టు అప్పుడు అర్ధరూపాయో, ముక్కాలో… కాదు, ముక్కాలు తర్వాత అయింది. సరే, ఇడువు. ఎమర్జెన్సీ పోయిన కొత్తలనుకో. అంతవరకు మా గుడి బోదగడ్డి కప్పిన కొట్టమే. వానొస్తే అయ్యగారు ఒక చేత గొడుగు, ఒక చేత బైబిలు పట్టుకోని ప్రసంగం చెప్పేటోడు. బిన్నా ముగిస్తాడని మాకి ఆ వానలంటే శానా ఇష్టం.

మా నాయన సంఘపెద్ద. క్రిస్మసు ఆరాధనలో లేచి, ప్రభువా, నీకు మిద్దె గుడి కడతాము, ఆ కప్పు కింద మొదటి పెండ్లి నా బిడ్డదే చేస్తా, అని గట్టిగా ప్రార్థన చేసినాడు. అందరు ఆమేన్ అన్యారు. నేనుగూడ అన్యా. కండ్లు మూసుకోనుంటి గదా, ఆ బిడ్డ నేనేనని ఆమేన్ అనినాక తట్టింది.

కమిటీ ఏసినారు. ఇంగ ఆ కమిటీలో ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. అయ్యగారికి గంట గోపురం కావాల. వయసు పిల్లోళ్లకు మైకుసెట్టు కావాల. ఇసుక బండ్లు తోలిచ్చిన పెద్దమనిషికి పేరు రాసిన రాయి కావాల. ఆళ్లగడ్డలో రాతిపని తెలుసు గదా, దేవుని బొమ్మలు చెక్కేటోళ్లు, వాళ్లతో నున్నగా చెక్కిచ్చినాడు. పునాది లేకముందే రాయొచ్చె. రెండు వానాకాలాలు అది మా గొడ్లకొట్టంలో ఉండ్య, మా బర్రె దానికే ఒళ్లు రుద్దుకునేది.

సిమెంటు కథ ఇంగా బాగుంటాది. అప్పుడు సిమెంటుకు పర్మిటు రాయిచ్చుకోవాల, తాలూకాఫీసు చుట్టూ తిరగాల. మా నాయన తిరిగి తిరిగి ఎట్లనో సంపాదిచ్చినాడు. ఊరంతా మేళాలు. సిమెంటొచ్చె, గోడలు యాడివి? గోడలు లేసేకి ఇంగో ఏడు పట్టె. ఆలోపల వానలు పడి మూటలన్నీ మూటలున్నట్టే బండలైపాయ. తర్వాత కమిటీ మీటింగులన్నీ ఆ బండల మీద కూర్చోనే చేసినారు. సిమెంటు వృథా పోలేదులే.

ఈ నడుమ నాకు సంబంధమొచ్చింది. మీ తాత. గడివేముల వాళ్లది. నల్లమల అంచులో గూడెం పిల్లోళ్ల బడికి అప్పుడే అయివారుగా ఏసినారు. సూసేకి వచ్చిన పొద్దు, పెద్దోళ్లు మాట్లాడుకుంటాంటే, నీకి ఇష్టమేనా, అని నన్నే నేరుగా అడిగినాడు. మా కాలంలో ఎవరడిగినారమ్మీ అట్ల? నాకి ఆ పిల్లోడే కావాలనిపిచ్చింది. ఇప్పుడు సిగ్గేముంది చెప్పేకి.

కానీ నా పెండ్లి ఆ కప్పుకు ముడిపడి ఉండ్య గదా. ఈ పండగకు అంటారు, వచ్చే పండగకు అంటారు. పిల్లోని తల్లి, అంటే మా అత్త, నంద్యాలలో టీచరమ్మ. మాటంటే మాటే. నా కొడుకు ఆ అడవి పక్క ఒక్కడే గంజి కాసుకోని తాగుతాండాడు, శ్రమదినాలు రాకముందు పెండ్లి చేస్తారా సరే, లేకుంటే వేరే పిల్లను సూసుకుంటాము, అని కబురంపింది. ఈస్టరుకు ముందు ఆ నలభై దినాలు మా సంఘాల్లో పెండ్లిళ్లు చేయరు గదా.

నేను మా నాయనతో అన్యా, కొట్టంలోనే చేయి నాయనా అని. దేవునికి మాటిచ్చినా అన్యాడు. నాకు ఏడుపొచ్చింది. దేవుడు అడిగినాడా నిన్ను అన్యా.

మల్ల పర్మిటుకు పరిగెత్తినాడు పాపం. సంక్రాంతి పోయినాక సిమెంటొచ్చె. కమిటీ స్లాబుకు తేదీ పెట్టె. దేన్ని సూసి పెట్టినారు? పై ఊరి పెద్ద అయ్యగారు ఏ పొద్దు వచ్చి ప్రార్థన చేస్తాడో అది సూసి పెట్టినారు. శనగ పీకే దినాలని ఒక్క మొగోనికీ గుర్తు లేదు. కూలోళ్లంతా తెల్లారకముందే చేన్లల్లో ఉంటారు. మా అమ్మ అనింది, మంచు ఉన్నంతసేపే శనగ పీకేది, పొద్దెక్కితే కాయ రాలతాది, అప్పుడు ఆడోళ్లం అందరం వస్తాము, ప్రార్థన కొంచెం సాగదీయమను, అని. పెద్ద అయ్యగారికి అది ఎవరూ చెప్పే పనే పడలేదు. మా చేతుల్లోకి తట్టలు వచ్చేదాక ఆయన ప్రార్థన నోవహు ఓడ కాడనే ఉండ్య.

బువ్వ సంగతి గూడ కమిటీ మర్చిపాయ. వండేటప్పుడంతా ఆడోళ్లు గుడికని పిడికెడు బియ్యం తీసిపెడతారు గదా, ఆ కుండలు తెచ్చి వండిరి. నువ్వు చెప్పే రిసోర్సులు అవేనేమో.

బేల్దారి మేస్త్రీ కాశీమన్న, ఆళ్లగడ్డాయన, ముందే చెప్పినాడు. "సూడమ్మా, స్లాబు మొదలైనాక కలిపిన సిమెంటు మాలు రాక నిలబడకూడదు. నిలబడితే ఆడ అతుకు పడతాది. ఆ అతుకులో నుండి మీ మనవళ్ల కాలం దాక కారతాది." కింద నుండి నిచ్చెన పైదాక ఆడోళ్లం వరసగా నిలబడితిమి. తట్ట అందుకో, పైకియ్యి. అందుకో, పైకియ్యి. పొద్దున పీకిన శనగ ఆకు పులుపుకు చేతులు అప్పటికే మండతాండాయి, దాని మీద సిమెంటు.

పొద్దు నడినెత్తిన ఉండంగా మా అత్త వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు. ఆమెకు ఎవరో చెప్పినారు, స్లాబు పడినాక దానికి కింద పోటుగా పెట్టిన కట్టెలు మూడు వారాలు తీయకూడదంట, ఆలోపల శ్రమదినాలు వస్తాయంట, అని. సంబంధం వద్దు అని మొగం మీదనే చెప్పిపోయేకి వచ్చినాది.

సరిగ్గా అప్పుడే నా పక్కన మా అమ్మ కండ్లు తిరిగి కూర్చుండిపాయ. తెల్లారకముందు నుండి చేనులో ఉండ్య గదా. వరసలో సందు పడింది. నా చేతిలో నిండు తట్ట. కింద పెట్టేకి లేదు. ఎదురుగా ఈమె, ఏదో అనేకి నోరు తెరిచింది. అప్పటిదాక ఆమెను నేను పలకరిచ్చిందే లేదు.

"అత్తా, అందుకో" అన్యా.

అందుకునింది. ఎందుకు అందుకునిందో నాకు తెల్దు, ఆమెకూ తెల్దనుకుంటా. గొడుగు కింద పడేసి అందుకునింది, పైకిచ్చింది, మల్ల నా తట్టకు చేతులు చాపింది. పొద్దుగూకేదాక ఆమె ఆ తావు వదల్లేదు. నడుమ ఒకసారి, బిన్నా ఇయ్యి, ఆడ మాలు నిలబడతాది, అని నన్ను కసురుకునింది.

పని అయినాక ఆమె చేతులు బొబ్బలెక్కినాయి. నేను ఆముదం రాస్తాంటే మా నాయన వచ్చి దూరంగా నిలబడినాడు. "వదినా, నువ్వు ఏదో చెప్పేకి వచ్చినట్టుండావే" అన్యాడు. ఆమె మీదికి సూసింది.

"కప్పు పడింది గదా?"

"పడింది."

"నువ్వు ప్రార్థన చేసింది కప్పు కింద పెండ్లని. కట్టెలు తీసినాక అని అన్యావా?"

మా నాయన కాశీమన్న దిక్కు సూసినాడు. కాశీమన్న, కట్టెలు ముట్టుకోకుండా చేసుకుంటే నాకేం అడ్డం లేదప్పా, అన్యాడు.

అట్ల అయింది నా పెండ్లి. కొత్త గుడి నిండా కట్టెలే. అయ్యగారికి సంఘం కనపడదు, సంఘానికి అయ్యగారు కనపడడు. పాట ముందరోళ్లు అయిపోగొట్టినా ఎనకోళ్లు ఇంగా పాడతాండారు. నా ముసుగు మేకుమేకుకూ తగులుకునింది. స్లాబు పైన తడపేకి నిలబెట్టిన నీళ్లు అంచుల మీద నుండి బయటికి టప్పు టప్పుమని పడతాండాయి. చేతులు పట్టుకోండి అంటే, మా ఇద్దరి నడుమ ఒక కట్టె. ఆ కట్టెకు ఈపక్క నేను, ఆపక్క మీ తాత. అట్లనే పట్టుకుంటిమి. తాళి కట్టేటప్పుడు మాత్రం ఈపక్కకు వచ్చినాడులే, లేకుంటే కట్టెకు గూడ ముడిపడుండు.

ఆ తర్వాత మా అత్త ఆ ఊరికి ఎప్పుడొచ్చినా, ఆరాధనలో వాన పడిందంటే, ఇంగ ఆమెకు వాక్యం ఎక్కదు. మీదికి సూస్తానే ఉంటాది, యాడన్నా కారతాందేమోనని. కారలేదు. ఆమె పోయినాక పెట్టెను ఆ గుడికే తెస్తిమి, ఆమె కోరుకున్యాది అది. ఆ పొద్దు గూడ వానే. అందరు పెట్టె దిక్కు సూసి ఏడుస్తాంటే, నేను మీదికి సూస్తా నిలబడితి. ఇంగ సూసేకి ఆమె లేదు గదా.

ఏందమ్మీ, కాయలు వదిలేసి నన్ను సూస్తాండావు? నీ పనులన్నీ చెప్పిన యాళకే అయిపోవాలని నేను అనను, యాడ అయితాయి. నీ చేతిలో తట్ట బరువైనప్పుడు, నీతో కొట్లాడేకి వచ్చినోళ్లయినా సరే, పక్కన నిలబడి చేతులు చాపాల. అట్లాంటోళ్లు ఉండాల నీకి… సల్లగా ఉండు నా తల్లీ.