చేతి తప్పు

గణిత విభాగం వెనక, పాత బెంచీలు తీయించి వడ్రంగి బల్ల వేయించుకున్న గది. గోడకి ఆనించిన నిలువెత్తు చెక్క వలయం. దానికి ఒకవైపు ప్రొఫెసరు, మరోవైపు ఆయన దగ్గర పరిశోధన చేస్తూ, చెక్కదిమ్మలు కోసి అతికించి ఆ వలయాన్ని చేసిన అమ్మాయి.

"మూసుకోలేదు కదమ్మా."

"లేదు మాస్టారూ."

"చిటికెనవేలు దూరుతోంది."

"దూరుతోంది."

"మొన్న ఏం చెప్పావు? ఈసారి ఒక్కో దిమ్మనీ రెండుసార్లు కొలిచి కోస్తానన్నావు."

"మూడుసార్లు కొలిచాను."

"మరి ఈ సందెక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"తెలీదు మాస్టారూ."

"నిన్ను తిట్టడం లేదు. రేపు సభలో దీన్ని అందరి ముందూ హాల్లో నిలబెడతారు. దిమ్మలన్నీ ఒకటే ఆకారం, ఒకటే మెలిక, చివరిది వెళ్లి మొదటిదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తాకుతుంది అని నా సిద్ధాంతాన్ని అదిగో, ఆ బల్ల మీదున్న రాతిపలక మీద చెక్కించి పెట్టాం. పలక అలా అంటుంటే ఇదేమో ఇలా నోరు తెరుచుకునుంటే ఏం బావుంటుంది చెప్పు?"

"బావుండదు."

"అందుకని, రంపప్పొట్టులో జిగురు కలుపు. సందులో కూరి, పైన నున్నగా రుద్దెయ్. ఆరాక వడ్రంగి కూడా పోల్చుకోలేడు."

"కలిపాను. ఆ గిన్నెలో ఉంది."

"నేను చెప్పకముందేనా?"

"మీరు అదే అంటారనుకున్నా."

"మరింకేం, కానివ్వు."

"మీరు పెట్టండి మాస్టారూ."

"ఈ నడుంతో నేనెక్కడ వంగను? నువ్వే..."

"నా చేత్తో వద్దు."

"అదేం మాట?"

"ఒక్క నిమిషం. ఇంటి నుంచి ఫోను. చెప్పండత్తయ్యా. లేచిందా? పాలు తాగిందా? గోళ్లా... మీరు తీసెయ్యండి. కాదు, నేనొచ్చినా తీయను. చెప్పానుగా అత్తయ్యా, మీరే తీయండి. సరే. సరే, పెట్టేస్తున్నా."

"పిల్లకి గోళ్లు మీ అత్తగారు తీయడమేమిటి? ఆవిడకి చూపు ఆనదన్నావుగా."

"ఆనదు. అయినా నాకంటే నయం."

"అంటే?"

"పోయిన వారం పాప వేలు తెగింది. నేను గోరు తీస్తుంటే. పెద్దగా కాదు, కానీ రక్తం వచ్చింది."

"పిల్లలు కదులుతారమ్మా."

"నిద్రపోతోంది. కదల్లేదు. కత్తెర పట్టుకోగానే మీ మాట గుర్తొచ్చింది. రెండో వలయం చేసినప్పుడు అన్నారు కదా, చెయ్యి వణుకుతోందేమో ఓసారి చూసుకో అని. చూసుకున్నాను. చూసుకుంటూ ఉంటే వణికింది."

"ఏదో మాటవరసకి అన్నాను."

"తెలుసు. మా ఆయన నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు చేతులు చాపమన్నాడు, వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, గీత గీయమన్నాడు. ఏమీ లేదు, హాయిగా నిద్రపో అన్నాడు. మా ఆయన దారంతా ఒకటే వేళాకోళం, ముక్కు ముట్టుకోవడానికి ఇంతదూరం రావాలా, ఇంట్లో నేను ముట్టించేవాణ్ణి కదా అని."

"సరదా మనిషే."

"నాకు నవ్వు రాలేదు మాస్టారూ. చేతికి ఏమీ లేకపోతే సందెలా వచ్చింది, అదే తిరుగుతోంది బుర్రలో."

"కాసేపు కూర్చో. మంచినీళ్లు తాగు."

"వద్దు. ఒకటి అడగనా?"

"అడుగు."

"మొదటి ఏడాది క్లాసులో మీరో మాట చెప్పేవారు. చేతి తప్పు చేసినప్పుడల్లా మారుతుంది, లెక్క తప్పు ఎన్నిసార్లు చేసినా ఒక్కలాగే వస్తుంది అని."

"క్లాసులో లక్ష చెబుతాం."

"నేను మూడు వలయాలు చేశాను. చిన్నవి రెండు, ఇదొకటి. చిన్నవాటిలో సందు గోరంత, దీంట్లో వేలంత. పాళ్లు వేసి చూస్తే మూడూ ఒకటే."

"అయితే? సిద్ధాంతం తప్పంటావా?"

"అమ్మో, నేనెందుకంటాను? పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సిద్ధాంతం. నా థీసిస్‌లో సగం దాని మీదే నిలబడి ఉంది."

"మరి ఏమంటున్నావు?"

"ఎప్పుడూ ఒకేలా తప్పు చేసే చెయ్యి కూడా ఉంటుందేమో అంటున్నా. నాది అలాంటిదేమో."

"అలాంటి చెయ్యి ఉండదు."

"ఉండదా?"

"ఏమో. నాకేం తెలుసు, నేను డాక్టర్నా? నువ్వు ఆ గిన్నె సంగతి చూడు, గడ్డకట్టేస్తుంది."

"మీ నిరూపణ కూడా మళ్లీ చదివాను."

"ఎందుకు?"

"ఊరికే. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఆ మెలిక కోణం నిండు చుట్టుని శేషం లేకుండా భాగిస్తుందని అక్కడ అనుకున్నాం. చూపించలేదనిపించింది. ఎంత తిరగేసినా అదే అనిపించింది. రాసిపెట్టుకుని, తర్వాత చింపేశాను."

"చింపేశావా? చింపకుండా ఉండాల్సింది."

"ఏం, బావుండేదా?"

"అని కాదు. ఎందుకు చింపావు?"

"చేతినే నమ్మలేనిదాన్ని, బుర్రనేం నమ్మను?"

"నాకు చూపించొచ్చుగా. నేనేం పులినా?"

"పులి అయితే పరిగెత్తేదాన్ని మాస్టారూ. మీ ముందు పరిగెత్తడం కూడా రాదు నాకు."

"బావుంది."

"ఇవాళ నేనొచ్చింది సందు నింపడానికి కాదు. మానేస్తున్నానని చెప్పి వెళ్దామని."

"ఏం మానేస్తున్నావు?"

"పరిశోధన. మా ఇంటి పక్క బళ్లో టీచరు కావాలట. ఎక్కాలు చెప్పుకుంటాను. ఎక్కాలు చెప్పడానికి చేతులక్కర్లేదు."

"పిచ్చి పిచ్చిగా మాట్లాడకు. ఇన్నేళ్లలో నా దగ్గరికొచ్చిన వాళ్లలో నీ అంత... సరే, రేపు అయిపోనీ. రేపయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం."

"రేపు నేను రాను."

"రాకపోతే అడగరా, చేసిన అమ్మాయేదని?"

"ఒంట్లో బాలేదని చెప్పండి. అబద్ధమూ కాదు."

"ఆ గిన్నె ఇలా తే. నేనే పెడతాను."

"మీ నడుం..."

"నా నడుం గొడవ నీకెందుకు? తే."

"ఇదిగోండి. పుల్ల అందులోనే ఉంది."

"చూశా."

"పై నుంచి కిందికి పెట్టుకుంటూ రండి."

"ఊఁ."

"మాస్టారూ, తొందరగా పెట్టాలి. ఆరిపోతోంది."

"ఊఁ."

"ఏమైంది? నడుం పట్టేసిందా?"

"లేదు. ఈ తాళంచెవి తీసుకో. బీరువాలో కింది అర. గుడ్డ చుట్టి ఒకటుంటుంది, పట్టుకురా."

"దేనికిప్పుడు?"

"తెమ్మన్నానా."

"ఇదేనా? విప్పనా? ఓ, ఇది నా చిన్న వలయం. అదే సందు, గోరంత. దీన్ని తాళం వేసి దాచారా మాస్టారూ? ఎవరికైనా చూపించడానికా?"

"నువ్వు చేసిన చిన్నవి ఏం చేశావు?"

"పాపకిచ్చాను."

"రెండూనా?"

"రెండూ. మంచం కోడుకి తగిలించి తిప్పుతూ ఉంటుంది. పొద్దున కూడా... ఆగండి. మరి ఇదెవరు చేశారు?"

"కూర్చో."

"ఎవరు చేశారు మాస్టారూ?"

"సందు చూసి నా చెయ్యి ముసలిదైపోయిందనుకున్నాను. ఇంకో చెయ్యి కావాలనిపించింది. కుర్రది, వణకనిది. అందుకే ఈ పని నీకిచ్చాను."

"అంటే, నా మొదటిదానికంటే ముందేనా?"

"ముందే."

"మరి నాకూ అదే సందు వచ్చిందని తెచ్చి చూపించినప్పుడు?"

"నీ చెయ్యి కూడా వణికి ఉంటే బావుండునని కోరుకున్నాను."

"కోరుకుని, చూసుకోమన్నారు."

"అన్నాను."

"మాటవరసకి కాదన్నమాట."

"కాదు."

"నాలుగో మెట్టు?"

"నువ్వు చింపేసిన కాగితం లాంటిదే నా దగ్గరా ఒకటుంది. నేను చింపలేకపోయాను. బయటపెట్టనూ లేకపోయాను. ముప్పయ్యేళ్లు బోర్డు మీద రాసి, దాని కింద గీత గీసి, వెనక్కి తిరిగి పిల్లల మొహాలు చూసిన సిద్ధాంతమమ్మా. ఏదో ఒకటి అను. తిట్టు పోనీ."

"పాప వేలికి ఇంకా గుడ్డ కట్టే ఉంది మాస్టారూ."

"తెలుసు. ఇందాక చెప్పావు."

"చెప్పినప్పుడు పిల్లలు కదులుతారన్నారు."

"ఆ పలక దించేస్తాను. ఇప్పుడే. ఒక్కణ్ణి ఎత్తలేను, ఆ కొస కాస్త పట్టుకుంటావా?"

"పట్టుకోను."

"సరేలే. గిన్నె గడ్డకట్టేసినట్టుంది."

"కట్టనివ్వండి."

"వెళ్లిపోతున్నావా? ఏమీ చెప్పకుండానే?"

"ఉండండి, ఫోను చేసుకోవాలి. అత్తయ్యా, నేనే. గోళ్లు తీసేశారా? ఇంకా లేదా? అయితే తీయకండి. ఆ కత్తెర అందకుండా పైన పెట్టెయ్యండి. నేనొచ్చి తీస్తాను."