తాండూరు ఇంట్లో తొలి పొంగు

తాండూరులో కిరాయికిద్దామని కొన్న చిన్న ఇంటి గడప మీద కొత్తగా పెళ్లయిన సింధుజ, ఆమె భర్త దిగాలుగా కూర్చున్నారు. కిరాయికి ఇల్లు చూడవచ్చిన హన్మమ్మ, వంటగది చూడగానే వెనుదిరిగి వెళ్లిపోయింది.

“టైల్స్ వేద్దామంటే వినకపోతివి సింధూ. నాపబండలు నచ్చలే ఆమెకు.”

“ఎండకాలం సల్లగుంటయయ్యా! జర ఆగు.”

“మొదటిదే ఖాళీగుంటే, రెండో ఇల్లు ఇంకేం కొంటం?”

“అగో, మల్లొస్తుంది! చేతుల పొయ్యి, పాలగిన్నె!”

హన్మమ్మ గిన్నెను సింధుజకిచ్చింది. “గట్టు మీద పాలు పొంగిన జాడే లేదు. ఇంటామె పొంగియ్యకుంట నేనెట్ల దిగుత? నువ్వు పొంగియ్యి బిడ్డా, రేపు సామాను తెస్త.”

పాలు పొంగి నాపబండ మీదికి జారాయి. హన్మమ్మ గుడ్డ అందుకుంటే సింధుజ ఆపింది.

“తుడువకవ్వా, జరసేపు చూసుకోనియ్యి! మొదటి గిలాస నీకే.”