మామగారి ధార

ఆసుపత్రిలో డాక్టరు అల్లుడి గది. మామగారు మూత్రపరీక్ష ముగించుకుని, మూత్రం ధార వేగం కొలిచే గరాటు మిషను దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చి కూర్చున్నారు.

"ఇరవయ్యా?"

"అంతే కదా బాబూ. మూడొందల మిల్లీలీటర్లు, పదిహేను సెకన్లు. భాగిస్తే సెకనుకి ఇరవై. దీనికి మిషనెందుకు, నన్నడిగితే నోటిలెక్కే."

"ఈ వయసులో ఇరవై ఏంటి మామయ్యగారూ? నాకే రాదు."

"అది నీ ఖర్మ."

"రాత్రి ఆరేడుసార్లు లేస్తున్నారని మీ అమ్మాయి చెప్పింది."

"దానికి నిద్రపట్టక నా చెప్పుల చప్పుడు లెక్కపెడుతోంది."

"లేచి, బాత్రూంలో అరగంటసేపు ఉంటున్నారట."

"ఆలోచించుకుంటాను."

"నర్సు ఇంకో మాట చెప్పింది. గరాటులో పడింది చల్లగా ఉందట."

"నాది చలవ శరీరం."

"రంగు కూడా లేదట."

"నీళ్ళు బాగా తాగమన్నది నువ్వే కదా."

"సరే, ఈ గ్రాఫు చూడండి. గీత ఎలా ఉంది?"

"తిన్నగా ఉంది. ముచ్చటగా ఉంది."

"అదే గొడవ. మనిషికి మెల్లగా మొదలై, జోరందుకుని, చివరికి చుక్కల్లోకి దిగుతుంది. గీత కొండలా లేచి దిగాలి. మీది మొదట్నుంచి చివరిదాకా బల్లపరుపు. ఇలా పొయ్యాలంటే సీసా వంచాలి."

"ఏ సీసా? బయట ఫ్రిజ్‌లోదా?"

"ఫ్రిజ్ అని నేననలేదు మామయ్యగారూ."

"దొరికిపోయాను బాబూ."

"చెప్పండి."

"ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళిచ్చిన ఇంజినీర్ని బాబూ. గొట్టం లోపలి వైశాల్యం ఎంత, నీటి వేగం ఎంత, రెండూ గుణిస్తే ఎంత పారుతుందో తేలుతుంది. ధార తగ్గకూడదు, పెరగకూడదు. జీతం దానికే ఇచ్చారు. చెయ్యి ఊరుకోలేదు."

"కొంచెం వణికించి పోసుంటే నమ్మేవాణ్ణి."

"అదే తప్పయింది."

"మీ మూత్రపు గొట్టం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి నొక్కేస్తోంది. ఇంకా నానిస్తే కిడ్నీల మీదికి వస్తుంది. చిన్న ఆపరేషనే. భయమెందుకు?"

"చేయించుకుంటాను. వేరే డాక్టర్ని చూడు."

"నేనుండగానా? నా చెయ్యి మీద నమ్మకం లేదా?"

"లేకేం. ఈ ఊళ్ళో నిన్ను మించినవాడు లేడని పదిమందికీ చెప్పుకునేది నేనే."

"మరి?"

"డెబ్బై దాటినవాణ్ణి, ఏదైనా జరగొచ్చు. వేరేవాడి చేతుల్లో పోతే నా కూతురు నీ మీద పడి ఏడుస్తుంది. నీ చేతుల్లోనే పోతే, అది ఎవరి మీద పడి ఏడవాలి బాబూ?"