రెండు వేళ్ళ వదులు

వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకోనిచ్చే రీబ్రీదర్‌ను పడవ మీద తండ్రి కూతురికి తొడుగుతున్నాడు. అడుగున మునిగిన పడవకు ఆమె తాడు కట్టి రావాలి. నిరుడు ఇదే యంత్రంతో దిగిన కొడుకు శవమై తేలాడు. ఆయన చేతులు మొరటువి, నోరు అంతకన్నా మొరటుది.

“చచ్చేంత బిగుతుగా ఉంది నాన్నా. రెండు వేళ్ళంత వదులు చెయ్యి, చాలు.”

“వదులు, వదులు! పొద్దున్నుంచీ అదే పాట. నిండా గాలి పీల్చు.”

“పీల్చనిస్తేగా! ఛాతీ మీది గాలి సంచులు పట్టీ కింద నలిగిపోతున్నాయి. అవి ఉబ్బకపోతే నాకు ఊపిరెక్కడిది?”

“నాకే పాఠాలా? వదులుగా ఉంటే యంత్రం వీపు మీద ఊగుతుంది. నీ అన్న ఇదే కొలతలో దిగాడు.”

“అన్న పుల్లలా ఉండేవాడు. నేను—”

“నువ్వు తిని కూర్చున్నావు. దానికి పట్టీ ఏం చేస్తుంది?”

“సరే, నేనే జరుపుకుంటా. కదలదేంటి? ఇక్కడ కుట్టేసి ఉందే!”

“చెయ్యి తియ్యి.”

“ఎవరు కుట్టారు?”

“నడుం పట్టీ బిగించనీ. కదలకు.”

“ఎవరు కుట్టారు నాన్నా?”

“నేనే. వాడు నీళ్ళలోకి దిగగానే వదులు చేసుకునేవాడు. వెధవ అలవాటు. మాన్పించొద్దూ?”

“ఎప్పుడు కుట్టావు?”

“ఎప్పుడో. ఆ గొట్టం నోట్లో సరిగ్గా పెట్టుకో.”

“ఎప్పుడు?”

“ఆ రోజు పొద్దున.”

“అన్న ఏమీ అనలేదా?”

“అనకేం? నీలాగే. ఊపిరాడట్లేదు నాన్నా, ఊపిరాడట్లేదు నాన్నా అని ఒకటే గోల. పడుకోవడానికి దిగుతున్నావా, పనికి దిగుతున్నావా అన్నాను. నోరు మూసుకుని దిగాడు.”

“మరి అన్న కంగారుపడి చచ్చిపోయాడని ఊరంతా చెప్పావే?”

“కంగారే! యంత్రంలో ఏ లోపమూ లేదని పరీక్షించినవాళ్ళు రాసిచ్చారు. పిరికివాడు. పిరికితనంతో పోయాడు.”

“ఆ కత్తి ఇటివ్వు. కుట్లు కోసేస్తా.”

“ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా.”

“నేనూ పోతాను నాన్నా! నీకు మిగిలింది నేనొక్కదాన్నే. అర్థమవుతోందా?”

“నీకే అర్థం కావట్లేదు. ఆ కుట్లు కోశానంటే వాడు అడిగింది న్యాయమేనని ఒప్పుకున్నట్టే కదే. వాణ్ని నేనే చంపుకున్నట్టే కదే. బిగుతుగానే దిగు. దిగి, బతికి చూపించు.”