కాస్త ఎనక్కి జరగండి

ఏటి అనితా, మెడలో అది కెమెరాయేనా? ముందు ఆనపకాయలాగ ఇదేటి, పెద్ద లెన్సా? కొత్తగా కొన్నావా? అయితే కూకో. మా కాశీవిశ్వనాథం గురించి నీకెవరూ సెప్పనేదా? గుడ్డల కొట్టు విశ్వనాథం. ఆడు పోయి పన్నెండేల్లయిపోనాది. నేనప్పుడు ఆ కొట్టరుగు మీదే మిషను కుట్టీవోడిని. అరుగిప్పుడు నేదులే, రోడ్డులో పోనాది. ఏటి సెప్తన్నాను? ఆఁ, ఆడికి ఫోటోల పిచ్చి. ఆదివారమొస్తే నన్ను స్కూటరెక్కించుకుని భావనపాడు సముద్రం ఒడ్డుకి తీసుకుపోయీవోడు. అప్పుడు ఆడిది సిన్న కెమెరా. మనిషి మొహం పడాలంటే మనిషి దగ్గరికెల్లి కూకోవాల్సిందే. ఎండుసేపల వాసనకి ముక్కుకి రుమాలు కట్టుకుని, అలగే పడవ మీద కూకుని, పడవోల్లతో కబుర్లాడి తీసీవోడు. మల్లీ వారం అచ్చేయించి పట్టుకెల్లి ఇచ్చీవోడు. ఆ ఊల్లో సగం గోడలకి ఈడి ఫోటోలే. "సావుకారిబాబొచ్చాడు" అని కొబ్బరి బొండాలు కొట్టీవోరు.

లక్ష్ముడని ఒక పడవోడు ఉన్నాడు. ఆడి తల్లి లక్ష్మీనరసమ్మ ఓ రోజు, "బాబూ, నాదొకటి తియ్యి, నాను పోనాక గోడకేసుకుంతారు" అంది. తియ్యొచ్చు కదా? కెమెరా సేతిలోనే ఉన్నాది. కానీ అప్పటికే ఈడి బుర్ర తిరిగిపోనాది. ఏదో పోటీకి ఫోటో పంపితే, అక్కడో పెద్దమనిషి కల్లజోడు పైకెత్తి, "బాగుంది గానీండీ, బ్యాక్‌గ్రౌండు బ్లర్ అవ్వలేదు" అన్నాడట. బ్లరంటే, ఎనకున్నదంతా మసగ్గా అయిపోవాలట. ముప్ఫయ్యేల్లు గుడ్డలో పోగు పోగూ సూపించి అమ్ముకున్నోడు, ఆ రోజు నుంచీ మసక మసక అని కలవరించాడమ్మా. ముసిలమ్మతో ఏటన్నాడో తెలుసా? "పెద్ద లెన్సు రానీ అమ్మా, నీ ముడతలు లెక్కెట్టుకునేలా తీస్తాను" అన్నాడు.

తెచ్చాడు. పాత కెమెరా, సిన్న లెన్సు ఎక్సేంజిలో ఇచ్చేసి మరీ తెచ్చాడు. దానికి తొడుగు నేనే కుట్టాను, పసిపిల్ల గౌనంత పట్టింది గుడ్డ. ఆడి పెల్లాం మహాలక్ష్మమ్మ ముచ్చటపడి సీర మార్చుకుని నిల్చుంది. ఈడు కన్ను పెట్టి, "కాస్త ఎనక్కి జరుగు" అన్నాడు. వంటిల్లు దాటింది. "ఇంకాస్త." పెరడు దాటింది. "ఇంకాస్త." గోడకి ఆనుకుపోయి, "ఇంకా ఎనక్కెల్తే శృంగవరపుకోటొచ్చేస్తాది, మా పుట్టింట్లోనే దిగబెట్టీండి" అని ఇంట్లోకి పోనాది. పది బారలు దూరముంటే గానీ ఆ లెన్సుకి మనిషి ఆనడట!

ఆ ఆదివారమే భావనపాడు ఎల్లాం. అక్కడేమో రేవు కడతారు, సర్వే సేస్తారు, ఇల్లు పోతాయి అని ఊరంతా గుబులుగా ఉన్నాది. ఈడు ఇసకలో ముక్కాలు స్టాండు పాతి, పైన ఆ గొట్టం ఎట్టి, దూరంగా వాలిన సముద్రప్పిట్టని తీస్తన్నాడు. అంతే, "సర్వేవోల్లొచ్చేసారు!" అని జనం పరుగెట్టుకొచ్చేసారు. లక్ష్ముడు ముందు. "బాబూ, మీరూ ఆల్లలో కలిసిపోనారా?" నేనడ్డమెల్లి, "ఒరే, ఇది కెమెరాయేరా" అన్నాను. "అయితే మా అమ్మ ఫోటో తియ్యమను" అని, దూరంగా ఎర్రసీరలో వల బాగుసేసుకుంటన్న తల్లిని సెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెట్టాడు.

అంతా సద్దుమణిగిపోనాది. ఈడు కన్ను పెట్టాడు. పెట్టి, "కాస్త ఎనక్కి జరగండి" అన్నాడు.

సూసావా మాట! ముసిలమ్మే అడిగింది, "ఎంతదాకా జరగాల బాబూ?" అని. ఈడు కన్ను తియ్యకుండానే సెయ్యూపి, "ఆ సరుగుడు తోట దాకా" అన్నాడు.

అప్పుడు లక్ష్ముడన్నాడు, "మొన్న సర్వేకొచ్చినోల్లూ ఆ తోట దాకానే జరగమన్నారు." కొట్టనేదమ్మా. కొట్టినా బాగున్ను. ఆడే స్టాండు మడిసి, స్కూటరుకి తాడేసి కట్టి, "ఎల్లిపోండి బాబూ" అన్నాడు.

మర్నాటి నుంచీ ఈడు సిన్న లెన్సు కోసం తిరిగాడు. ఆ కెమెరా కొట్టోడు ఎప్పుడో ఎవరికో అమ్మేసాడు. ఇంకోటి దొరికీలోగా వానలొచ్చాయి, ముసిలమ్మ పోనాది. లక్ష్ముడు గుండుతో మా కొట్టు దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా నిలబడి, "ఆ రోజు మేం రాకముందు తీసిందాంట్లో మా అమ్మేటైనా పడిందా?" అన్నాడు. ఈడు ఎతికాడు. పిట్ట ఉన్నాది. ఈక ఈకా లెక్కెట్టుకోవచ్చు. దానెనక, ఓ మూల, ఎర్రగా మసక. మరి పెద్దమనిషి అడిగిన బ్లరే, అద్దినట్టు పడ్డాది. ఈడు తలెత్తనేదు. లక్ష్ముడు మాత్రం వేలెట్టి, "మాయమ్మే. నడుమొంపు ఆమెదే" అన్నాడు.

ఇప్పుడెల్లినా సూడొచ్చు. లక్ష్ముడింట్లో ఆ పిట్ట ఫోటోకే దండేసుంటాది. కొత్తోల్లు పిట్టకి దణ్ణమెట్టి పోతారు. బొట్టు మాత్రం మసక మీదుంటాది.

ఏటి, లేచావేం? నా ఫోటోయా? తియ్యి మరి, నవ్వాలా? ...ఏటే, ఎనక్కి ఎల్తన్నావు?